పత్తి చేలో చచ్చిపోతున్న ఎంజైము

తెలుగు నేల మీద సైన్సు చదివిన ప్రతి పిల్లా, పిల్లాడూ నాడీకణం బొమ్మ వేస్తారు. పదో తరగతిలో ఒకసారి, ఇంటర్ బైపీసీలో ఇంకోసారి. కణదేహం, డెండ్రైట్లు, పొడుగాటి ఆక్సాన్, దాని మీద మయలిన్ తొడుగు, చివర నాడీసంధి. భాగాలు గుర్తిస్తే మార్కులు పడతాయి, ఆ పేజీతో పని అయిపోతుంది. సెలవురోజు వాళ్లలో చాలామంది అమ్మానాన్నలకు సాయంగా చేలోకి వెళ్తారు. బిందెలతో నీళ్లు మోస్తారు, మందు కలుపుతారు, ట్యాంకు నింపుతారు. పుస్తకంలో తాము గుర్తించిన నాడీసంధే చేతిలో ఉన్న సీసాకి గురి అని వాళ్లకు ఎవరూ చెప్పరు. జువాలజీ లెక్చరరుగా నా ఉద్యోగమంతా ఈ పాఠం చెబుతూనే గడిచింది. నా చేతికొచ్చిన ఏ పాఠ్యపుస్తకంలోనూ ఆ ఒక్క మాట లేదు. దీన్ని ఏమరుపాటు అనడానికి నాకు నోరు రాదు. మందు కొట్టే మనిషి ప్రాణానికి విలువ కట్టనివాళ్లు చేసిన పని ఇది.

ఆ సంధి దగ్గర ఏం జరుగుతుందో కూలి మనిషికి చెప్పడం కష్టమని, వాళ్లకు అర్థం కాదని అనేవాళ్లున్నారు. అబద్ధం. ఇదిగో, చెబుతున్నాను.

మన మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. ఇంచుమించు అన్నే గ్లియల్ కణాలూ ఉన్నాయి. కబురు మోసేవి నాడీకణాలు, వాటిని బతికించేవి గ్లియల్ కణాలు. ఆస్ట్రోసైట్లు తిండి అందిస్తాయి, సంధుల చుట్టూ మిగిలిపోయిన రసాయనాలను ఎత్తేస్తాయి. మైక్రోగ్లియా కాపలా కాస్తాయి, చచ్చిన కణాలను తినేస్తాయి. మెదడులోనూ వెన్నుపాములోనూ ఆక్సాన్లకు తొడుగు చుట్టేవి ఆలిగోడెండ్రోసైట్లు. కాళ్లూ చేతుల నరాల్లో ఆ పని ష్వాన్ కణాలది. ఒక్కో ష్వాన్ కణం చుట్టగలిగేది మహా అయితే మిల్లీమీటరు. నడుము దగ్గర మొదలై కాలి బొటనవేలి దాకా పోయే ఆక్సాన్ మీటరు పొడవుంటుంది. ఒక్క పోగును కప్పడానికి వెయ్యి కణాలు వరసకట్టి పనిచేస్తున్నాయన్నమాట. ఏసీ గదిలో కూర్చుని లైసెన్సు కాగితం మీద సంతకం పెట్టే అధికారి ఒంట్లో ఎన్ని ఉన్నాయో, చెప్పుల్లేకుండా చేలో నడిచే మనిషి ఒంట్లోనూ అన్నే ఉన్నాయి.

పని లేనప్పుడు నాడీకణం లోపలి వైపు బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టుల మేర రుణావేశంతో ఉంటుంది. కబురు రాగానే పొరలో ద్వారాలు తెరుచుకుని సోడియం లోపలికి ఉరుకుతుంది, వెంటనే పొటాషియం బయటికి పోతుంది. ఆ అల ఆక్సాన్ వెంట పరుగెత్తుతుంది. మందమైన తొడుగున్న నరాల్లో దాని వేగం సెకనుకు 100 మీటర్లు. లోపలికొచ్చిన సోడియాన్ని బయటికి తోడి, మళ్లీ సిద్ధం చేసే పంపు ఏటీపీ అనే శక్తినిచ్చే అణువు మీద నడుస్తుంది. ఆ ఏటీపీని 1929లో జర్మనీలో లోమన్ కనుక్కున్నాడు. అదే కాలంలో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి విడిగా కనుక్కున్నవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన విగ్రహాలకు దండలు వేస్తాం. ఆయన చూపించిన శక్తితో నడిచే నరాలను మాత్రం సీజనుకు ఇన్ని లీటర్లని లెక్కగట్టి విషానికి అప్పగిస్తాం.

అల ఆక్సాన్ చివరికి చేరాక అవతల కండరం ఉంటుంది, మధ్యలో సన్నటి ఖాళీ. ఆ ఖాళీని కరెంటు దాటదు, రసాయనం దాటుతుంది. దాని పేరు ఎసిటైల్‌కోలిన్. సంచుల్లోంచి బయటపడి, అవతలి గ్రాహకాలకు తగులుకుంటుంది, కండరం బిగుసుకుంటుంది. మన పాఠాలు ఇక్కడితో ముగుస్తాయి. అసలు ప్రాణం నిలిచేది ఈ తర్వాతి క్షణంలో. బిగుసుకున్న కండరం సడలాలంటే కబురు ఆగాలి. దాన్ని ఆపేది ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము. అది సంధిలోనే కాచుకుని ఉండి, ఎసిటైల్‌కోలిన్‌ను దొరికింది దొరికినట్టు విరగ్గొడుతుంది. ఒక్కో ఎంజైము అణువు సెకనుకు వేల అణువులను విరిచేస్తుంది. ఒంట్లో ఇంత చురుకైన ఎంజైములు బహు తక్కువ. మీరు ఈ అక్షరాల వెంట కళ్లు కదిలిస్తున్నా, ఊపిరి తీసి వదులుతున్నా దాని దయే.

మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, క్లోరోపైరిఫాస్, ఎసిఫేట్, క్వినాల్‌ఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్లన్నీ చేసేది ఒకటే పని. ఆ ఎంజైముకు అతుక్కుని దాన్ని పనికిరాకుండా చేస్తాయి. ఇక కబురు ఆగదు. ఆపేవాళ్లు లేని బోరు మోటారు నీళ్లు అయిపోయాక కూడా తిరిగి తిరిగి కాలిపోయినట్టే కండరాలూ గ్రంథులూ పనిచేసి పనిచేసి చేతులెత్తేస్తాయి. కంటిపాప సూదిమొనంత అవుతుంది. చొంగ, కన్నీళ్లు, చెమట, వాంతులు, విరేచనాలు. ఊపిరితిత్తులు తమ స్రావాలతో తామే నిండిపోతాయి. తొడల మీద, రెప్పల మీద కండరాలు వాటంతటవే అదురుతాయి. చివరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. పురుగుకూ మనిషికీ ఈ ఎంజైము ఒకటే. పురుగును మాత్రమే చంపి మనిషిని వదిలేసే తెలివి ఆ సీసాలో లేదు.

ఇది తెలియక తయారుచేసినవి కావు. నరం రసాయనంతో మాట్లాడుతుందని 1921లో ఒట్టో లోవీ కప్పల గుండెలతో రుజువు చేశాడు. ఒక గుండెకు పోయే నరాన్ని ప్రేరేపించి దాని వేగం తగ్గించాడు, ఆ గుండె మునిగి ఉన్న ద్రవాన్ని రెండో గుండెకు అందించాడు, అదీ నెమ్మదించింది. 1936లో హెన్రీ డేల్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. అదే ఏడాది, అదే డిసెంబరులో, ఐజీ ఫార్బెన్ కంపెనీలో గెర్హార్డ్ ష్రాడర్ కొత్త పురుగుమందు కోసం వెతుకుతూ టాబున్ తయారుచేశాడు. 1938లో సారిన్ వచ్చింది. ఆ 1938లోనే నాజీలు యూదుడైన లోవీని జైల్లో పెట్టి, నోబెల్ సొమ్ము తమ చేతిలో పెట్టాకే దేశం దాటనిచ్చారు. జర్మన్ సైన్యం టాబున్‌నూ సారిన్‌నూ యుద్ధవిషాలుగా దాచుకుంది. ఆ కుదురు నుంచే పారాథియాన్ పొలాలకొచ్చింది. 1995 మార్చిలో టోక్యో భూగర్భ రైళ్లలో సారిన్ వదిలితే ప్రపంచం వణికిపోయింది. అదే ఎంజైమును అదే తీరులో పట్టుకునే సరుకు మన మండల కేంద్రాల్లో బిల్లు లేకుండా కూడా దొరుకుతుంది, దానికి వణికినవాళ్లు లేరు.

పురుగుమందుల దుకాణంలోని అరలను నాడీశాస్త్రం తెలిసినవాళ్లు ఒకసారి పైనుంచి కిందికి చదివి చూడాలి. ఒక అరలో పైరెత్రాయిడ్లు. అవి సోడియం ద్వారాలను మూసుకోనివ్వవు, వెనకటి డీడీటీ కూడా అంతే. ఇంకో అరలో ఫిప్రోనిల్. నాడీకణాన్ని శాంతపరిచే గాబా సంకేతానికి అది అడ్డుపడుతుంది. 2011లో సుప్రీంకోర్టు ఆపించిన ఎండోసల్ఫాన్‌దీ, మా పెద్దవాళ్లు పేరు చెబితేనే భయపడే ఎండ్రిన్‌దీ అదే దారి. పక్కన ఇమిడాక్లోప్రిడ్. అది నేరుగా ఎసిటైల్‌కోలిన్ గ్రాహకానికే తగులుకుంటుంది, పురుగు గ్రాహకాన్ని ఎక్కువగా పట్టుకుంటుంది కాబట్టి మనిషికి కొంత నయం. కింది అరలో కార్బమేట్ గుళికలు. కోలినెస్టరేజ్‌కు అవీ అతుక్కుంటాయి, కాకపోతే త్వరగా వదులుతాయి. నేను క్లాసులో సుద్దముక్కతో గీసే నాడీకణంలో ఒక్క భాగం కూడా వదలకుండా దానికొక సీసా తయారై అక్కడ కూర్చుంది. అవన్నీ ఒకే రకం ప్రమాదం కావని, అందులో కొన్ని మనిషిని గంటల్లో తీసుకుపోతాయని కొనేవాడికి చెప్పే పని ఎవరికీ లేదు. పచ్చదోమ ఆగట్లేదని రైతు వెళ్తే జరిగే మాటలు ఇవి: “ఈ రెండూ కలిపి కొట్టు. రేపటికల్లా రాలిపోతయ్.” ఆ రెండూ ఆర్గానోఫాస్ఫేట్లే అయితే, రెండూ పట్టుకునేది ఒకే ఎంజైమును. పురుగుకు రెట్టింపు పడితే కొట్టేవాడికీ రెట్టింపే.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పత్తి నడుము దాటి ఎదుగుతుంది. ఆ చేల్లోకి పోయి చూడండి. సీసా మూతే కొలత. బకెట్లో కలిపేది కర్ర దొరికితే కర్రతో, లేకపోతే చేత్తో. ఆ పని ఎక్కువగా ఆడవాళ్లది. మందు కొట్టేవాళ్ల లెక్కలో వాళ్లు ఎక్కడా ఉండరు. ట్యాంకు మూత బిగుతుగా ఉండదు, అడుగు అడుగుకీ చింది వీపు మీద చొక్కా తడుస్తుంది. ఆ తడి ఎండకు ఆరదు, చర్మంలోకి దిగుతుంది. నాజిల్ మూసుకుపోతే విప్పి నోటితో ఊదుతారు. చెట్ల మధ్య సాలులో నడుస్తుంటే తామే కొట్టిన తుంపర తొడలకీ పొట్టకీ రాసుకుంటుంది. సాయంత్రానికి తల పగిలిపోతుంది, కళ్లు మసకేస్తాయి, వాంతి వస్తుంది. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగి పడుకుంటారు. సీసా మీద హెచ్చరిక త్రికోణం ఉంటుంది. దాంతో వచ్చే కాగితాన్ని అన్ని మడతలూ విప్పి, ఆ చీమతల అక్షరాల్లో తెలుగు వెతుక్కుని, కోలినెస్టరేజ్ అన్న మాట దగ్గర ఆగి అర్థం అడిగే వీలు ఏ కూలీకి ఉంది?

ఇంకో ఘోరం ఉంది. చచ్చిన ఎంజైము స్థానంలో ఒళ్లు కొత్తది చేసుకోవాలి. ఎర్ర రక్తకణాల్లో అది కోలుకునేది రోజుకు సుమారు ఒక శాతం. వారానికోసారి మందు కొట్టే మనిషికి రెండు పిచికారీల మధ్య తిరిగొచ్చేది ఏడు శాతం. మొదటి వారం పడిన దెబ్బ మానకుండానే రెండోది పడుతుంది, మూడోది పడుతుంది. అక్టోబరులో ఒకరోజు మామూలు డోసుకే పడిపోతాడు. వాడు తాగాడని ఊరు అనుమానిస్తుంది, వాడికి గుండె జబ్బని ఇంకెవరో అంటారు. 2017లో మన ఆదిలాబాద్‌కు ఆనుకునే ఉన్న యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టి 20 మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. చేతొడుగులు వేసుకోలేదని, మాస్కు పెట్టుకోలేదని చచ్చినవాళ్ల మీదే నేరం మోపారు. ఉక్కపోతలో నిలువెల్లా ప్లాస్టిక్ కప్పుకుని ఎకరం నడిచి చూపించాక ఆ మాట అనాలి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ), ప్రపంచ ఆరోగ్య సంస్థల ప్రవర్తనా నియమావళే స్పష్టంగా చెబుతోంది: ఒంటికి ఇబ్బందిగా ఉండే, ఖరీదైన, సులభంగా దొరకని రక్షణ దుస్తులు కావాల్సిన మందులను వేడి దేశాల్లోని చిన్న రైతుల చేతికి ఇవ్వకుండా ఉండాలని. మన ప్రభుత్వాలు దుస్తులు వేసుకోమని పోస్టర్లు అంటించి చేతులు దులుపుకున్నాయి.

కాలిఫోర్నియాలో 1974 నుంచి చట్టం ఉంది. ఈ రకం మందులను తరచుగా కలిపే, కొట్టే కూలీకి పని మొదలుపెట్టకముందే రక్తంలో కోలినెస్టరేజ్ ఎంతుందో చూడాలి. సీజనులో మళ్లీ చూడాలి. ఎర్ర కణాల్లో అది మొదటి లెక్కలో 70 శాతానికి పడిపోతే ఆ మనిషిని ఆ పని నుంచి తప్పించాలి. పొలం కూలీ ఎంజైమును లెక్కపెట్టొచ్చని అక్కడ యాభై ఏళ్లుగా రుజువవుతోంది. షుగరుకు, థైరాయిడ్‌కు వీధికో ల్యాబు ఉన్న మన దగ్గర, గుంటూరు మిర్చి చేల కూలీకి గానీ వరంగల్ పత్తి కూలీకి గానీ ఇలాంటి లెక్క ఎందుకు లేదు?

వరంగల్ ప్రభుత్వాసుపత్రి రికార్డులు చదివినవాళ్లకు ఈ ప్రశ్న నిద్ర పట్టనివ్వదు. 1997 నుంచి 2002 దాకా పురుగుమందు విషంతో అక్కడ చేరినవాళ్లు 8,040 మంది. అందులో నూటికి 22 మందికి పైగా బతకలేదు. 2002లో వచ్చినవాళ్లలో అత్యధికులు తమంతట తాము తాగినవాళ్లు. మూడింట రెండు వంతుల మంది ముప్ఫై ఏళ్లలోపువాళ్లు. ఏ మందో తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగం రెండే మందులవి, మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్. ఇక్కడ వెంటనే ఒక మాట వినిపిస్తుంది: అప్పు చంపింది, మందు కాదు, అప్పు తీర్చే దారి చూడండి అని. అప్పు తీర్చే దారి చూడాల్సిందే, అందులో వాదనే లేదు. కానీ ఒక చెడ్డ సాయంత్రం, ఒక పట్టరాని కోపం, ఒక అవమానం మనిషిని ఆ సీసా దాకా తీసుకెళ్లాక, వాడు మర్నాడు లేచి కూర్చుంటాడా లేదా అన్నది అప్పు తేల్చదు, ఆ సీసాలోని అణువు తేలుస్తుంది. బతికి బయటపడినవాళ్లలో చాలామంది మళ్లీ ఆ పని తలపెట్టరు. వాళ్లకు ఆ రెండో రోజు దక్కాలి.

ఆ రెండో రోజు కోసం వార్డుల్లో జరిగే యుద్ధం చూసినవాళ్లెవరూ ఈ మందుల పక్షాన మాట్లాడలేరు. ఎంజైముకు పడిన అతుకు గంటలు గడిచేకొద్దీ ఊడదీయలేనంతగా గట్టిపడుతుంది. మోనోక్రోటోఫాస్ లాంటి డైమిథైల్ రకాల్లో సగం ఎంజైము నాలుగు గంటల్లోపే అలా చేజారుతుంది. పల్లె నుంచి ఆటో మాట్లాడుకుని పట్నం చేరేసరికే ఆ నాలుగు గంటలూ అయిపోతాయి. అట్రోపిన్ ఇస్తారు. అది గుండెనూ ఊపిరితిత్తులనూ కాస్తుంది గానీ కండరం దగ్గరి గ్రాహకాల మీద పనిచేయదు. ఇంక వెంటిలేటరే దిక్కు. గండం గడిచిందని ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకున్న రెండో రోజో మూడో రోజో ఇంకో దెబ్బ వస్తుంది. శ్రీలంక వైద్యులు 1987లో దాన్ని గుర్తించి వివరించారు. నర్సు వచ్చి “తలెత్తు నాయనా” అంటుంది. మనిషి స్పృహలోనే ఉంటాడు, మాట వింటాడు, తల దిండు మీంచి లేవదు. మెడ కండరాలు పోయాయంటే తర్వాత పోయేది ఊపిరే అని ఆమెకు తెలుసు, మళ్లీ గొట్టం వెయ్యమని పరుగెత్తుతుంది. వెంటిలేటర్ ఖాళీ లేని రోజున ఆమె ఏం చెయ్యాలి?

అదే శ్రీలంక ఇంకో పని కూడా చేసింది. 1995 నాటికి మోనోక్రోటోఫాస్‌తో సహా అత్యంత ప్రమాదకరమైన మందులను ఆపేసింది, 1998లో ఎండోసల్ఫాన్‌ను ఆపింది. లక్ష జనాభాకు 47 దాకా ఉన్న ఆత్మహత్య మరణాలు పదేళ్లలో దాదాపు సగానికి పడిపోయాయి, ఆ తర్వాత ఇంకా తగ్గాయి. వరి దిగుబడి పడిపోలేదు. పంటలు నాశనమైపోతాయని భయపెట్టే కంపెనీల మాటకు ఆ దేశపు లెక్కలే జవాబు. మన ఉమ్మడి ఖమ్మం జిల్లా పునుకుల రైతులూ జవాబు చెప్పారు. పత్తిలో రసాయన మందులు మానేసి, వేప కషాయంతో, లింగాకర్షక బుట్టలతో పురుగును అదుపు చేసుకున్నారు. మందులకు పోసే డబ్బు మిగుల్చుకుని అప్పులు తీర్చుకున్నారు. తమది పురుగుమందు వాడని ఊరని ఇరవై ఏళ్ల కిందటే పంచాయతీ ప్రకటించింది.

మన దేశం ఎంత నెమ్మదిగా కదిలిందో చూడండి. 1958లో కేరళలో పారాథియాన్ కలిసిన తిండి తిని వంద మందికి పైగా చనిపోతే విచారణ కమిషన్ వేశారు, పదేళ్లకు 1968 పురుగుమందుల చట్టం వచ్చింది. ఆ చట్టం పుట్టుకకు కారణమే నాడీసంధిని చంపే విషం. 2005లో మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద కొట్టొద్దన్నారు. వంకాయ తినేవాడిని కాపాడి, పత్తికి కొట్టేవాడిని వదిలేశారు. 2013 జులైలో బీహార్‌లోని గండామన్ బడిలో మధ్యాహ్న భోజనంలో అదే మందు కలిసి 23 మంది పిల్లలు చనిపోయారు. అప్పుడైనా ఆపలేదు. 36 శాతం ద్రావణాన్ని ఆపే ఉత్తర్వు 2023లో వచ్చింది. శ్రీలంక తర్వాత 28 ఏళ్లకు. ఆ మధ్యకాలంలో పోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి ఏ మంత్రి సంజాయిషీ ఇస్తాడు? ఒక మందు ఆగితే అదే ఎంజైమును పట్టే ఇంకో మందు దాని స్థానంలో అరెక్కి కూర్చుంటోంది. పేర్లు మార్చి ఒక్కొక్కటే ఆపుకుంటూ పోతే ఇంకో తరం పోతుంది.

కాబట్టి అడిగేది సూటిగా అడుగుతున్నాను. మనిషిని గంటల్లో చంపే ఆర్గానోఫాస్ఫేట్లన్నిటినీ ఒక్క ఉత్తర్వుతో, గడువు తేదీతో, దుకాణాల నుంచి తీసేయండి. అప్పటిదాకా పత్తి, మిర్చి పండే ప్రతి మండలంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మందు కొట్టేవాళ్లకూ కలిపే ఆడవాళ్లకూ జూన్‌లో ఒకసారి, పంట మధ్యలో ఇంకోసారి కోలినెస్టరేజ్ పరీక్ష చెయ్యాలి. లెక్క 70 శాతానికి పడిపోయినవాళ్లకు ట్యాంకు మొయ్యని పని చూపించి, ఆ రోజుల కూలి ప్రభుత్వమే ఇవ్వాలి. జిల్లా ఆసుపత్రిలో పత్తి సీజను మొదలయ్యేలోపు అట్రోపిన్ నిల్వ, ఖాళీ వెంటిలేటర్ల లెక్క గోడ మీద రాసి పెట్టాలి. పాఠ్యపుస్తకం రాసే సంఘానికి వాక్యాలు నేనే ఇస్తున్నాను, నాడీసంధి బొమ్మ కిందే అచ్చు వెయ్యండి: “ఇక్కడ కబురును ఆపే ఎంజైము పేరు ఎసిటైల్‌కోలినెస్టరేజ్. మీ ఇంట్లో ఉన్న పురుగుమందు సీసా దీన్ని చంపవచ్చు. మందు కొట్టినవాళ్లకు చెమట, చొంగ, కంటిపాప చిన్నదవడం కనిపిస్తే బట్టలు విప్పించి, ఒళ్లు సబ్బుతో కడిగి, సీసా వెంట పట్టుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.” పరీక్షలో ఈ వాక్యాల మీద ప్రశ్న తప్పకుండా ఇవ్వండి. మార్కుల కోసం చదివినా సరే, ఆ పిల్ల ఇంటికి వెళ్లి అమ్మకు చెబుతుంది.